అరవై మూడు సంతకాలు

హజరత్తయ్య ఎవరినీ నమ్మడు. కాకిదొరువులో ఇది అవలక్షణం కాదు, అర్హత. ఊరి చెరువు నీళ్లను వంతుల ప్రకారం పొలాలకు తిప్పే మనిషిని అక్కడ నీరుకట్టు అంటారు. ఆ పని నమ్మకస్తుడికి ఇవ్వాలని అందరూ చెబుతారు గానీ, ఇచ్చేది మాత్రం అనుమానపు మనిషికే. నమ్మే మనిషి నీరుకట్టు అయితే ఊరు ఏమవుతుందో అందరికీ తెలుసు. తూము దగ్గరి రైతు కాలవ నుంచి మడిలోకి నీళ్లు పారే గండిని, అంటే మడవను, పైపైన కప్పి, అడుగున చెయ్యి పట్టేంత సందు వదిలి, "కప్పేసినాన్నా" అంటాడు. నమ్మేవాడు తల ఊపి పోతాడు. కాలవ ఆఖరున ఉన్న మళ్లు నెర్రెలిస్తాయి. హజరత్తయ్య తల ఊపడు. వంగి, కప్పిన మడవ అవతల బురదలోకి మోచేతిదాకా పెట్టి చూస్తాడు.

పుట్టగానే బతకడనుకుంటే వాళ్లమ్మ దర్గాకు మొక్కుకుని ఆ పేరు పెట్టింది. "ఆ మొక్కు తీర్చిందో లేదో కూడా నాకు అనుమానమే" అంటాడు. ఇరవై రెండేళ్లుగా అదే పని. చెరువు కింద నూట పది ఎకరాలు, అరవై మూడు పేర్లు. తూము దగ్గరి పొలం ఒకటో నెంబరు, కాలవ చివరన సముద్రం వైపున్న ఎనభై సెంట్లు అరవై మూడు. ఆ ఎనభై సెంట్లు అతని భార్య రాఘవమ్మవి. పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద రాసిచ్చిన నేల. నీళ్లు తిప్పేవాడి పొలం అన్నిటికన్నా ఆఖరున ఉండటమే ఊరికి అతని మీద ఉన్న అసలు భరోసా. పైవాడు దొంగతనం చేస్తే మొదట ఎండేది అతని మడే.

అల్లూరు నుంచి తూర్పుకు పోతే వరి తగ్గుతూ, రొయ్యల గుంటలు పెరుగుతూ వస్తాయి. కాకిదొరువు ఆ రెండింటికీ సరిహద్దు. గుంటల్లోంచి వదిలే ఉప్పునీళ్లు ఒక్కోసారి పంటకాలవలోకి ఎగదన్నుతాయి. అందుకని హజరత్తయ్య పొద్దున్నే కాలవ చివరికి పోయి, నీళ్లు దోసిట పట్టి, నాలుక మీద వేసుకుని ఊసేస్తాడు. ఉప్పు కొలిచే మిషను ఒకటి ఆఫీసువాళ్లు ఇస్తామన్నారు. వద్దన్నాడు. "నా నాలిక్కి బ్యాటరీ అక్కర్లేదు. దాని నెంబరు మార్చేవాడు కూడా లేడు" అన్నాడు.

ఎన్నికలప్పుడు ఇంటికొచ్చే డబ్బు కవర్లు కూడా తీసుకోడు. దాన్ని నీతి అనుకుని పొగిడిన ఒక టీచరును అతను కసిరేశాడు. "నీతా పాడా? తీసుకుంటే వాడు నన్ను లెక్కలో వేసుకుంటాడు. నేనేం ఓటేస్తానో వాడికి తెలియడం దేనికి?" ఊరికే వచ్చేదాన్ని ముట్టుకోకూడదు; డబ్బిచ్చి కొంటే ఏ బాధా లేదు. అతని అనుమానాలన్నీ ఈ ఒక్క సూత్రం మీద నిలబడ్డాయి. ఆ సూత్రమే అతన్ని ముంచింది.

ఊళ్లో ఊరికే ఇచ్చే మనిషి పేరు సుకుమార్. పాత కథల్లో డబ్బున్నవాడికి మీసాలుంటాయి, అరుపులుంటాయి. సుకుమార్‌కు రెండూ లేవు. అందరినీ అన్నా, అక్కా అనే పిలుస్తాడు. నలభై ఎకరాలు సొంతం, నూట అరవై కౌలు, అన్నీ రొయ్యల గుంటలే. మంచినీళ్ల ప్లాంటు అతను పెట్టించిందే. బడిలో ఫ్యాన్లు, గుడిలో గ్రానైటు అతనివే. ఊళ్లో సగం ఇళ్లల్లో ఎవరో ఒకరు అతని గుంటల దగ్గర మేత చల్లుతారు, లేదా పట్టుబడి రోజున రొయ్యలు ఏరుతారు. ప్రజాస్వామ్యంలో తలా ఒక ఓటు అని బడిలో ఆ ఫ్యాన్ల కిందే పాఠం చెబుతారు. అది నిజమే. సుకుమార్‌కు కూడా ఒక్కటే ఓటు. అదీ కాకిదొరువులో లేదు, నెల్లూరు టౌనులో ఉంది. సర్పంచిని ఎవరిని నిలబెట్టాలో అడగడానికి మాత్రం ఊరు కారేసుకుని ఆ టౌనుకే పోతుంది.

నిరుడు నారు పోసే ముందు సుకుమార్ దగ్గర మేనేజరుగా చేసే గిరిబాబు హజరత్తయ్య ఇంటికొచ్చాడు. చేతిలో కొత్త రిజిస్టరు. గట్టి అట్ట, ఎర్ర గుడ్డ వీపు.

ఆ ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి. ప్రతి కారుకూ, అంటే ప్రతి పంటకూ ముందు నీరుకట్టు ఇంటింటికీ పోయి వంతుల పుస్తకంలో సంతకాలు తీసుకుంటాడు. ఈ వరసలో నీళ్లు తీసుకోవడానికి మాకు సమ్మతమే అని ఆ సంతకానికి అర్థం. పైన ఏమీ రాసి ఉండదు. రాయాల్సిన అవసరం ఎవరికీ తోచలేదు. తాతల కాలం నుంచీ ఆ సంతకం దేనికో పసిబిడ్డకూ తెలుసు. సంతకం పెట్టాక గొడవ చేస్తే, పుస్తకం తెరిచి మొహం మీద పెడతారు. అంతటితో నోరు పడిపోతుంది.

"నీ పాత పుస్తకం చెదలు తినేసింది గదన్నా. ఇది వాడుకో" అన్నాడు గిరిబాబు.

హజరత్తయ్య పుస్తకాన్ని ముట్టుకోలేదు. "ఎవరిచ్చినారు?"

"ఎవరిస్తే ఏంది? ఆఫీసులో మిగిలుండాది."

"మిగిలిందైతే మీ ఆఫీసులోనే పెట్టుకో. నాకు దేనికి?"

"అబ్బా, పుస్తకం కూడా కరుస్తదా నిన్ను?"

"ఎంతకి కొన్నారు?"

గిరిబాబు నవ్వి నూట నలభై అన్నాడు. హజరత్తయ్య లోపలికి పోయి నూట నలభై తెచ్చి అతని చేతిలో పెట్టాడు. గిరిబాబు వద్దు వద్దంటూనే తీసుకున్నాడు. అప్పుడు హజరత్తయ్య పుస్తకాన్ని తీసి, తిరగేసి, ప్రతి కాగితం వెలుతురుకు పట్టి చూశాడు. వరస నెంబరు, పేరు, తండ్రి లేక భర్త పేరు, సర్వే నెంబరు, సంతకం అని గళ్లు గీసి ఉన్నాయి.

"సర్వే నెంబరు దేనికి? నాకు ఎవరి మడి ఏదో తెలీదా?"

"ఇప్పుడు పుస్తకాలన్నీ ఇట్టానే వస్తుండాయన్నా. వద్దంటే ఆ గడి వదిలెయ్."

వదిలెయ్యమన్నాడు కాబట్టి హజరత్తయ్య వదలలేదు. గడి ఖాళీగా ఉంటే తర్వాత ఎవడైనా ఏదైనా రాసుకోవచ్చని, ప్రతి ఇంట్లో పాస్‌బుక్కు తీయించి, తప్పు లేకుండా సర్వే నెంబర్లు తనే ఎక్కించాడు. గిరిబాబు పదిమంది గుమాస్తాలను పెట్టినా అంత శుభ్రంగా కుదిరేది కాదు. పన్నెండు రోజుల్లో అరవై మూడు సంతకాలూ పడ్డాయి. ఒక్కరు కూడా ఎందుకని అడగలేదు. పుస్తకం తెచ్చింది హజరత్తయ్య. ఎవరినీ నమ్మని మనిషి తెచ్చిన కాగితాన్ని ఇంకొకరు అనుమానించాల్సిన పనేముంది?

తర్వాత గిరిబాబు, చెరువు మరమ్మతు అర్జీకి వంతుల జాబితా జత చెయ్యాలంటున్నారని, పుస్తకం ఒక్కపూట కావాలన్నాడు. హజరత్తయ్య అతనితోపాటు స్కూటరెక్కి అల్లూరు పోయాడు, పుస్తకాన్ని ఒడిలో పెట్టుకుని. గిరిబాబు ఎదురుగానే జిరాక్సు తీయించాడు. పుస్తకం వెనక్కి ఇచ్చేశాడు. హజరత్తయ్య కాగితాలు లెక్కపెట్టుకున్నాడు. ఒక్కటీ తగ్గలేదు. తృప్తిగా ఇంటికొచ్చాడు.

దొంగ కాగితం చింపుతాడని కాపలా కాశాడు గానీ, కాగితం కలుపుతాడని అతనికి తోచలేదు.

తోచింది నాలుగు నెలల తర్వాత, అదే జిరాక్సు షాపులో. షాపు బాజీది. పెన్షను కాగితం కోసం పోయిన హజరత్తయ్యను చూసి బాజీ మిషను ఆపాడు.

"ఏందన్నా, నువ్వు కూడా రొయ్యల్లోకి దిగినావా? లోకంలో ఇంక నమ్మడానికి ఎవరూ లేరు పో."

"ఎవరు చెప్పినారు?"

"చెప్పేదేంది? నీ చేతిరాతే. నిన్న పది సెట్లు తీసినా. చూడు, ఒకటి మసకబడిందని పక్కన పడేసినా."

పైన ఒక కొత్త కాగితం. టైపు కొట్టి ఉంది. కాకిదొరువు ఆయకట్టు రైతులమైన మేము, మా మా భూములను ఆక్వా జోన్‌లో చేర్చుటకు, వరి స్థానంలో చెరువులు తవ్వుకొనుటకు స్వచ్ఛందంగా, పూర్తి సమ్మతితో అంగీకరిస్తూ గ్రామసభ తీర్మానమును కోరుచున్నాము. దాని కింద రెండో కాగితం నుంచి అతని గళ్లు, అతని అక్షరాలు, అతను పాస్‌బుక్కులు తీయించి ఎక్కించిన సర్వే నెంబర్లు. అరవై మూడు సంతకాలు.

హజరత్తయ్య స్టూలు మీద కూర్చున్నాడు.

"మోసమా?" అన్నాడు బాజీ గొంతు తగ్గించి.

"ఎవడిది అని అడుగు" అన్నాడు హజరత్తయ్య. "ఇంటింటికీ తిరిగింది నేను గదా."

సంతకం అందరిదీ ఒకటే కొలత. కూలోడు పెట్టినా, నూరెకరాలవాడు పెట్టినా అదే గడి, అదే ఇంకు. తేడా అంతా సంతకం పైన ఉండే నాలుగు లైన్లలో ఉంది. ఆ నాలుగు లైన్లూ ఎవరు రాస్తారన్నదే పెత్తనం. దాన్ని పంచిపెట్టే చట్టం ఇంకా రాలేదు.

గ్రామసభ పదిరోజుల్లో ఉంది. తీర్మానం అయిపోతే ఒప్పుకున్నవాళ్ల పొలాల్లో మిషన్లు దిగుతాయి. చుట్టూ ఉప్పునీళ్ల గుంటలు వచ్చాక మధ్యలో మిగిలిన వరిమడి రెండు పంటలు కూడా నిలవదు. వద్దన్నవాడు కూడా చివరికి కౌలుకిచ్చి తప్పుకోవాల్సిందే. వరి లేని ఊళ్లో నీరుకట్టు ఉండడు. రాఘవమ్మ ఎనభై సెంట్లూ ఉండవు.

హజరత్తయ్య తెల్లకాగితం మీద "మేము పెట్టిన సంతకాలు నీళ్ల వంతులకు మాత్రమే" అని రాసుకుని మళ్లీ గడపలు ఎక్కాడు. మొదట మునెయ్య ఇల్లు. తూము పక్కనే పొలం, మూడెకరాలు. కొడుకు సుకుమార్ గుంటల దగ్గర సూపర్వైజరు.

"పెట్టకూడదని కాదు హజరత్తా" అన్నాడు మునెయ్య. "మావాడి నెల జీతం నువ్విస్తావా, ఆ మాట చెప్పు."

పోలేరయ్య దగ్గర ఇంకో రకం దెబ్బ తగిలింది. పోలేరయ్యకు ఎకరం పొలం, ఎవరి దగ్గరా కొలువు లేదు. కాగితం తీసుకుని, పై అంచుకూ మొదటి అక్షరానికీ మధ్య వేళ్లు పెట్టి కొలిచాడు.

"రెండు వేళ్లు వదిలినావే పైన. ఈడ ఏం రాస్తావు రేపు?"

"నేనేం రాస్తాన్రా?"

"పోయినసారి కూడా నువ్వే గదా తెచ్చింది. నీ మాట మీదనే గదా పెట్టినా. ఆ సంతకం తప్పని చెప్పడానికి ఇంకో సంతకం పెట్టమంటే ఎట్టా సామీ? నువ్వే గదా నేర్పించినావు, ఎవుర్నీ నమ్మొద్దని."

వారం తిరిగితే నలుగురు పెట్టారు. అందులో ఒకరు ఆ సాయంత్రమే వచ్చి పేరు కొట్టేసి పోయారు.

సభకు మూడురోజుల ముందు సుకుమార్ కబురు పెట్టాడు. గుంటల దగ్గరి షెడ్డులో కుర్చీ వేయించి, టీ తెప్పించాడు. హజరత్తయ్య కుర్చీలో కూర్చోలేదు, టీ ముట్టలేదు.

"నువ్వు నన్ను దొంగంటుండావంట" అన్నాడు సుకుమార్ నవ్వుతూ. "గిరి తప్పు చేసుంటే తిడతా. కానీ అన్నా, నిజం చెప్పు. వరి మీద ఎవడు బాగుపడినాడు ఈ ఊళ్లో? నేను అడిగుంటే కూడా సగం మంది పెట్టేవాళ్లే."

"అడగలేదు గదా."

"అడగడానికి అరవై మూడిళ్లు తిరగాల. నాకు టైమేది?"

"నాకుండింది."

"అదే చెప్తుండా. నీ మాటకి ఊళ్లో విలువుంది. ఇప్పుడు నువ్వే ఆ పుస్తకం చెల్లదంటే, ఇరవై రెండేళ్ల నీ వంతుల పుస్తకాలు చెల్లుతాయా? రేపు మునెయ్య నేను సంతకం పెట్టలేదు, నా మడి నిండిందాకా నీళ్లు కిందికి వదలనంటే ఏం చేస్తావు?" సుకుమార్ టీ కప్పు అతని వైపు జరిపాడు. "అందరూ ఒప్పుకున్నాక ఒక్కడు అడ్డం పడితే అది ప్రజాస్వామ్యమా, మొండితనమా? నువ్వే ఆలోచించు."

హజరత్తయ్య ఆలోచించాడు. గట్టు మీద నడుస్తూ ఒకటో నెంబరు నుంచీ పేర్లు నెమరేసుకుంటూ వచ్చాడు. ఎవరింటి సంతకం ఆ ఇంటివాళ్లదే. తన కళ్ల ముందు పెట్టినవే. అప్పుడు అరవై మూడు దగ్గరికొచ్చాడు. అన్నిటిలోకీ అతనికి తోచిన దొంగ సంతకం ఒక్కటే. అది తను పెట్టింది.

రాఘవమ్మకు సంతకం రాదని కాదు. డ్వాక్రా గ్రూపులో చేరిన నాటి నుంచీ పెడుతుంది, కూడబలుక్కుంటూ చదువుతుంది కూడా. కానీ ఇంట్లో ఉండే మనిషి కోసం పుస్తకం తెరిచి అడగడమేమిటని, ఇరవై రెండేళ్లుగా ఆమె గడిలో ఆమె పేరు అతనే రాస్తున్నాడు. ఆమె పొలం, అతని చెయ్యి. ఇందులో అనుమానించాల్సింది ఏమీ అతనికి కనబడలేదు. సభలో నోరు విప్పి ఆ మాట చెబితే కాగితం చిరుగుతుందేమో. కానీ దొంగ సంతకం కేసు తన మీద పడుతుంది. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తిన్నాడు గానీ, రాఘవమ్మకు ఏమీ చెప్పలేదు.

సభ పదకొండు గంటలకు బడిలో. పంచాయతీ సెక్రటరీ వినీల కొత్తగా వచ్చిన అమ్మాయి. ఫోను స్టాండుకు పెట్టి వీడియో తీస్తూ తీర్మానం చదివింది. అభ్యంతరాలున్నాయా అని అడిగింది.

హజరత్తయ్య లేచి జరిగిందంతా చెప్పాడు. సూటిగానే చెప్పాడు, కానీ వెనక ఎవరో "పుస్తకం నీదే, రాత నీదే, మోసం మాత్రం ఇంకోడిదా?" అనగానే నవ్వులు లేచాయి. గిరిబాబు నవ్వలేదు. అతను మర్యాద తెలిసిన మనిషి.

"పేర్లు పిలవండమ్మా" అన్నాడు హజరత్తయ్య. "ఒక్కొక్కర్ని నిలబెట్టి అడగండి."

వినీల ఒక్క క్షణం ఆలోచించింది. ఆమెకు ఊరి మీద ప్రేమ పొంగిందని ఎవరూ అనుకోనక్కర్లేదు. రేపు కలెక్టరు ఆఫీసులో ఎవరైనా అడిగితే తన ఉద్యోగాన్ని ఈ వీడియో కాపాడుతుంది. పిలవడం మొదలుపెట్టింది.

"ఒకటి. మునెయ్య గారు. ఈ సంతకం మీదేనా?"

"నాదే."

"రెండు."

"నాదే మేడం."

పన్నెండో నెంబరు పోలేరయ్య. లేచి నిలబడి అటూ ఇటూ చూశాడు. "సంతకం నాదేనమ్మా. కానీ నేను పెట్టింది రొయ్యలకి..."

"మీరు చెప్పేది నాకు అర్థమైంది. నేను రాసుకోగలిగేది ఒక్కటే. మీదా, కాదా?"

"నాదే గానీ..."

"మీదే." గడిలో టిక్కు పడింది.

హజరత్తయ్య పేర్లు పిలిపిస్తే నిజం బయటపడుతుందనుకున్నాడు. బయటపడింది నిజమే, కాకపోతే అది సుకుమార్‌కు పనికొచ్చే నిజం. చట్టం అడిగే ప్రశ్న సంతకం ఎవరిదని. దేనికి పెట్టావని కాదు. తను పోరి తెప్పించుకున్న పిలుపుతో ఒక్కో సంతకం ఇంకాస్త గట్టిపడుతోంది. నలభై దాటింది. యాభై దాటింది. రానివాళ్లకు గైర్హాజరు అని పడుతోంది. సుకుమార్ కిటికీ పక్కన కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు.

"అరవై మూడు. రాఘవమ్మ గారు."

హజరత్తయ్య లేవబోయాడు. ఇరవై రెండేళ్ల అలవాటు. వెనక నుంచి గొంతు వినబడింది.

"నేనిక్కడుండా."

డ్వాక్రా ఆడవాళ్ల మధ్య నుంచి రాఘవమ్మ లేచింది. ఆమె వస్తుందని అతనికి తెలీదు. ముందుకొచ్చి, కళ్లద్దాలు సర్దుకుని, కాగితాన్ని దగ్గరికి లాక్కుని చూసింది. పై నాలుగు లైన్లు కూడా చదివింది, వేలు పెట్టుకుని, తొందర లేకుండా.

"ఈ సంతకం నాది కాదు."

"మరి ఎవరిది?" అంది వినీల.

రాఘవమ్మ మొగుడి వైపు చూడలేదు. "నాది కాదు. అంతవరకే నాకు తెలుసు."

గిరిబాబు కుర్చీలోంచి లేచాడు. "ఇంకెవరిది మేడం? ఎవడు తిరిగి పెట్టించినాడో వాడిదే. భార్య సంతకం దొంగగా పెట్టినోడు మమ్మల్ని దొంగలంటాడా?"

అందరి చూపులూ హజరత్తయ్య మీద పడ్డాయి. వీడియో నడుస్తోంది. అబద్ధం చెప్పడానికి రెండు దారులు కనబడ్డాయి, నిజం చెప్పడానికి ఒక్కటే.

"నాదే" అన్నాడు. "నేనే పెట్టినా. ప్రతిసారీ నేనే పెడతా. ఆమెని అడగలేదు."

"సిగ్గు లేదా?" అన్నారెవరో. అన్నవాడి పక్కన కూర్చున్న అతని భార్యే లేచింది. "మేడం, ముప్పై ఒకటి నా పేరు గదా. ఇందాక నా బదులు మా ఆయన నాదే అన్నాడు. నేను ఆ పుస్తకమే చూడలా."

"కూర్చోవే" అన్నాడు ఆయన.

"నువ్వు కూర్చో."

పసుపు కుంకుమ నేలలు, గవర్నమెంటు పట్టాలు కలిపి ఆ జాబితాలో పద్నాలుగు ఆడపేర్లున్నాయి. వాళ్లలో ఆ గదిలో ఉన్నది నలుగురు. రాఘవమ్మతో కలిపి ఇద్దరు తమది కాదన్నారు. ఒకావిడ మొగుడి మొహం చూసి "నాదే" అంది. అది అబద్ధమని ఊరంతటికీ తెలుసు, ఆవిడకు సంతకమే రాదు, వేలిముద్ర. నాలుగో ఆవిడ లేచి బయటికి వెళ్లిపోయింది.

వినీల కాగితాలు సర్దింది. ఇన్ని సంతకాలు తేడా పడ్డాక తాను ధ్రువీకరించలేనని, నెల తర్వాత మళ్లీ సభ పెట్టి అందరి చేతా తన ఎదుటే సంతకాలు తీసుకుంటానని చెప్పింది. హజరత్తయ్యకు నోటీసు వస్తుందని కూడా చెప్పింది, గొంతులో కోపం గానీ జాలి గానీ లేకుండా.

సుకుమార్ ఫోను జేబులో పెట్టుకుని లేచాడు. "మంచిదే మేడం. పద్ధతిగానే పోదాం. ఆడవాళ్లని విడిగా అడగాలని మాకు తోచలేదు. మా తప్పే." ఆడవాళ్ల వైపు తిరిగి చేతులు జోడించాడు. అతను నేర్చుకోవాల్సింది నేర్చుకున్నాడు. నెలరోజుల టైముంది. ఈసారి గిరిబాబు ఏ గడపలు ఎక్కుతాడో, చేతిలో ఏం పట్టుకుని ఎక్కుతాడో ఊహించడానికి హజరత్తయ్యంత అనుమానం అక్కర్లేదు.

బయట మునెయ్య, ఇంకో ఇద్దరు మెట్ల దగ్గర నిలబడి ఉన్నారు. "వచ్చే కారుకి వేరే నీరుకట్టుని చూసుకుంటాం హజరత్తా. ఏమనుకోవద్దు. పుస్తకం మీద దొంగ సంతకం పెట్టే మనిషితో కష్టం" అన్నాడు మునెయ్య. హజరత్తయ్య మెట్లు దిగాడు. తనైనా అదే అనేవాడు.

ఇంటికి పోయే దారిలో రాఘవమ్మ నాలుగడుగులు ముందు నడిచింది. వినీలనడిగి తీసుకున్న తీర్మానం కాపీ నాలుగు మడతలు పెట్టి చేతిలో పట్టుకుంది. వరిగట్టు దాటాక హజరత్తయ్య ఆమెను అందుకున్నాడు.

"ముందే తెలుసా నీకు?" అన్నాడు.

"ఊరంతా అనుకుంటుండారు. నువ్వొక్కడివే చెప్పలా."

"చెప్దామనే..."

"ఎప్పుడు చెప్పేది? ఇరవై రెండేళ్లాయె."

ఇంకొంత దూరం నడిచారు. అతనికి మనసు కాస్త తేలికపడింది. పని పోతే పోయింది, నోటీసు వస్తే వస్తుంది, నేల మిగిలింది. వచ్చే సభలో ముగ్గురు నలుగురు ఆడవాళ్లు గట్టిగా నిలబడితే మిగతావాళ్లకూ ధైర్యం వస్తుంది. రాఘవమ్మ ముందుంటే వస్తారు.

"వచ్చే నెల గట్టిగా వద్దని చెప్పాల నువ్వు. వీడియోలో పడేట్టు" అన్నాడు.

రాఘవమ్మ ఆగింది. "వద్దంటానని ఎవరు చెప్పినారు నీకు?"

"అదేంది? ఇప్పుడే గదా..."

"సంతకం నాది కాదన్నా. వరి పెడతానన్నానా, గుంట తవ్విస్తానన్నానా?" ఆమె మళ్లీ నడక మొదలుపెట్టింది. "ఎకరాకి ఏటికింతని కౌలు, ముందుగానే ఇస్తారంట. నాట్లకి వంగి వంగి నా నడుం ఏమైందో నీకు తెలుసా? అట్టాగని ఉప్పు పట్టిన నేల మళ్లీ నేల కాదు, అదీ తెలుసు నాకు. నెల టైమిచ్చినారు గదా. చూసుకుంటా."

"ఆ సుకుమార్‌ని నమ్మి?"

"నమ్మేది ఎవుర్ని? నిన్ను నమ్మినా, ఏమైంది?"

హజరత్తయ్య చెయ్యి చాపాడు. "ఆ కాగితం ఇట్టియ్యి. అందులో ఏముండాదో నేను చదివి చెప్తా."

రాఘవమ్మ దాన్ని జాకెట్టులో దోపుకుంది.

"నేను చదువుకుంటా. నువ్వు పోయి గొడ్లకి నీళ్లు పెట్టు."